జనాన్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు: ఇండీ రెజ్లర్లు డబ్ల్యూడబ్ల్యూఈని ఎలా మార్చారు

"చిన్నప్పుడు చూసిన డబ్ల్యూడబ్ల్యూఈలో అందరూ కొండల్లా ఉండేవాళ్లు. ఇప్పుడు మామూలు ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లు చాంపియన్లు అవుతున్నారు. ఇండీల నుంచి వచ్చినవాళ్ల వల్లే ఇదంతా అంటున్నారు. అసలు ఇండీ అంటే ఏంటి, వాళ్లొచ్చి ఏం మార్చారు, ఏ మ్యాచ్‌లు చూస్తే అర్థమవుతుంది?" అని అడిగారు. కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను. ఎందుకంటే దీనికి మామూలుగా దొరికే సమాధానం సగమే నిజం. వాళ్లొచ్చాక మ్యాచ్‌లు బాగుపడ్డాయంటారు. బాగుపడ్డాయి, కాదనను. కానీ చాలా ఏళ్లుగా దీన్ని దగ్గరగా చూస్తున్నవాడిగా నా అభిప్రాయం వేరు. అసలు మార్పు బేరంలో వచ్చింది. ఎవరు స్టార్ కావాలో ఒకప్పుడు ఆఫీసు, అంటే కంపెనీ యాజమాన్యం, తేల్చేది. వీళ్లు తమ జనాన్ని తామే సంపాదించుకుని, వాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. అలా వచ్చినవాణ్ని మూలన కూర్చోబెట్టడం ఆఫీసు వల్ల కాలేదు.

గెలుపోటములు ముందే రాసుకుంటారని మనందరికీ తెలుసు. అందుకే ఇక్కడ "చాంపియన్ అయ్యాడు" అన్నచోటల్లా "కంపెనీ తన పోస్టర్ మీద, తన టీవీ టైమ్ మీద అతన్ని నమ్ముకుంది" అని చదువుకోండి. అలా చూస్తే బెల్టు ఎవరి నడుముకి ఉందన్నది చాలా పెద్ద విషయం.

కథ 2001లో మొదలవుతుంది. ఆ మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఈ అప్పటి అధిపతి విన్స్ మెక్‌మాన్ తన ప్రత్యర్థి కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూని కొనేశాడు. మరుసటి నెలలోనే ఈసీడబ్ల్యూ అనే ఇంకో రెజ్లింగ్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అమెరికాలో పెద్ద టీవీ షో ఉన్న రెజ్లింగ్ కంపెనీ ఇక ఒక్కటే మిగిలింది. అప్పటివరకు ఒకచోట నచ్చకపోతే ఇంకోచోటికి వెళ్లే దారి రెజ్లర్‌కి ఉండేది, అది మూసుకుపోయింది. ఇక విన్స్‌కి నచ్చేది ఎవరు? ఆరున్నర అడుగుల ఎత్తు, కండలు తిరిగిన ఒళ్లు, కెమెరా ముందు ఠీవి. రే మిస్టీరియో, ఎడ్డీ గెరెరో లాంటి పొట్టివాళ్లు ఆ గోడను దాటారు, 2004 ఫిబ్రవరిలో ఎడ్డీ ఏకంగా బ్రాక్ లెస్నర్‌ని ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్ అయ్యాడు. కానీ వాళ్లు దాటారని గోడ పడిపోలేదు.

ఇండీ అంటే ఇండిపెండెంట్. పెద్ద కంపెనీ కాంట్రాక్టు లేకుండా వారాంతాల్లో స్కూల్ జిమ్‌లలో, మాజీ సైనికుల క్లబ్ హాళ్లలో రెండు మూడు వందల మంది ముందు జరిగే కుస్తీ. రెజ్లర్ తన కారు తానే నడుపుకుంటూ వెళ్తాడు, మ్యాచ్ ఆడతాడు, విరామంలో టేబుల్ వేసుకుని తన టీషర్టులు తానే అమ్ముకుంటాడు. రాత్రికి చేతికొచ్చే డబ్బు ఒక్కోసారి పెట్రోలుకి సరిపోదు. ఈ అలవాటును గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ టీషర్టుల టేబులే తర్వాత చాలా దూరం వెళ్లింది.

2002 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని ఒక రిక్రియేషన్ సెంటర్‌లో రింగ్ ఆఫ్ ఆనర్ అనే చిన్న కంపెనీ తొలి షో జరిగింది. దాని వెనక ఉన్నది రెజ్లింగ్ వీడియోలు అమ్ముకునే వ్యాపారం. ఈసీడబ్ల్యూ పోయాక అమ్ముకోవడానికి టేపులు లేక సొంత షోలు మొదలుపెట్టారు. ఆ రాత్రి చివరి మ్యాచ్‌లో ముగ్గురు: లో కీ, క్రిస్టఫర్ డేనియల్స్, బ్రయన్ డేనియల్‌సన్. మ్యాచ్‌కి ముందు, తర్వాత చేతులు కలపాలనే నియమం పెట్టారు. కథలూ కామెడీలూ తగ్గించి కుస్తీని ఆటలా చూపిస్తామన్నది వాళ్ల పట్టు. మ్యాచ్‌లూ ఫలితాలూ తేల్చే బుకర్ గేబ్ సపోల్‌స్కీ. టీవీ లేదు. డీవీడీలు, ఇంటర్నెట్ చర్చలు, అంతే. కానీ ఆ డీవీడీలు కొనుక్కున్నవాళ్లు ఊరికే చూసి పక్కన పెట్టేవాళ్లు కాదు, పదిమందికి చెప్పేవాళ్లు.

2004లో సమోవా జో, సీఎం పంక్ మూడు మ్యాచ్‌లు ఆడారు. జూన్‌లో ఒహాయోలోని డేటన్‌లో మొదటిది గంటసేపు సాగి డ్రా అయింది. అక్టోబర్‌లో షికాగో పక్కన రెండోది, అదీ గంట, అదీ డ్రా. జో భారీ మనిషి, కాలితో తన్నితే చప్పుడు హాలంతా వినిపిస్తుంది. పంక్ అతని ముందు సన్నగా, బలహీనంగా కనిపిస్తాడు. పంక్ ఏం చేశాడో చూడండి. జో తల తన చంకలో ఇరికించి హెడ్‌లాక్ పట్టాడు. జో విడిపించుకున్నాడు. మళ్లీ పట్టాడు. తాడు మీదికి తోసేస్తే తిరిగొచ్చి మళ్లీ అదే పట్టు. ఇతన్ని కొట్టి గెలవలేను, ఊపిరి ఆడకుండా చేసి, టైమ్ గడిపి అలసిపోయేలా చేస్తే చాలు అన్న లెక్క ఒక్క మాట లేకుండా అర్థమవుతుంది. మొదట్లో సరదాగా చూస్తున్న జనం కాసేపటికి ఆ పట్టు పడ్డప్పుడల్లా టెన్షన్ పడటం మొదలుపెడతారు. ఎగిరి దూకడం, బల్లలు విరగ్గొట్టడం లేకుండా గంటసేపు జనాన్ని కుర్చీ అంచున కూర్చోబెట్టొచ్చని ఆ మ్యాచ్ చూపించింది. రెండోదానికి పాత్రికేయుడు డేవ్ మెల్ట్‌జర్ ఐదు నక్షత్రాలిచ్చాడు. పేరు పాకింది.

పంక్‌ని డబ్ల్యూడబ్ల్యూఈ 2005లో తీసుకుంది. వెళ్లే ముందు రింగ్ ఆఫ్ ఆనర్ బెల్టు గెలిచి, ఆ బెల్టు మీదే తన డబ్ల్యూడబ్ల్యూఈ కాంట్రాక్టు పెట్టి సంతకం చేశాడు. తననే ప్రేమించిన జనం తనను తిట్టేలా చేసుకుని, వేసవంతా దాన్ని కథగా నడిపించాడు. డబ్ల్యూడబ్ల్యూఈలో మాత్రం ఏళ్ల తరబడి అతన్ని ఏం చేయాలో ఆఫీసుకి తెలియలేదు. బెల్టులు ఇచ్చారు, లాగేసుకున్నారు, షో చివరి మ్యాచ్ మాత్రం ఇంకొకరికే.

ఇక 2011 జూన్ 27, లాస్ వెగాస్. పాత స్టార్ స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ టీషర్టు వేసుకుని, ర్యాంప్ పైభాగాన బాసింపట్టు వేసి కూర్చుని మైకు అందుకున్నాడు. కాంట్రాక్టు అయిపోతోంది, బెల్టు గెలిచి వెళ్లిపోతానన్నాడు. ఆ బెల్టును జపాన్ కంపెనీ న్యూ జపాన్‌లోనో, రింగ్ ఆఫ్ ఆనర్‌లోనో పెట్టి ఆడతానన్నాడు. డబ్ల్యూడబ్ల్యూఈ టీవీలో ఇంకో కంపెనీ పేరు పలకడమే అప్పట్లో పెద్ద సాహసం. చివరికి మైకు కట్ చేశారు. ఎంతవరకు ముందే అనుకున్నది, ఎంతవరకు నిజంగా కడుపుమంట అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ వాదన మీద పెద్ద ఆసక్తి లేదు. అందులో నాకు ముఖ్యమనిపించేది, టీవీ బయట ఇంకో రెజ్లింగ్ లోకం ఉందని ఆ రాత్రి లక్షలమంది చూసే తెర మీద ఒకడు చెప్పాడు. మూడు వారాలకు జులై 17న షికాగో శివార్లలో తన సొంత జనం మధ్య జాన్ సీనాని ఓడించి, విన్స్‌కి గాల్లో ముద్దు విసిరి జనంలోంచి వెళ్లిపోయాడు. ఆ నవంబర్‌లో మళ్లీ గెలిచిన బెల్టును 434 రోజులు ఉంచుకున్నాడు.

పంక్ తలుపు తన్నాడు. తలుపు తెరిచింది మాత్రం బ్రయన్ డేనియల్‌సన్ అని నేను నమ్ముతాను. అందుకే అతని దగ్గర కాసేపు ఆగుతాను.

వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్ అనే చిన్న ఊరివాడు. టెక్సస్‌లో షాన్ మైకేల్స్ పెట్టిన స్కూల్లో నేర్చుకున్నాడు. 2000లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) ఒకసారి తీసుకుని, మరుసటి ఏడాది వదిలేసింది. ఆరడుగులు కూడా లేడు, గడ్డం పెంచుకుని పక్కింటి అబ్బాయిలా ఉంటాడు. రింగ్ ఆఫ్ ఆనర్ చాంపియన్‌గా 2005 సెప్టెంబర్ నుంచి 2006 డిసెంబర్ దాకా దేశాలు తిరిగి ఆడాడు. 2006 ఆగస్టులో లివర్‌పూల్‌లో నైజెల్ మెక్‌గిన్నెస్‌తో ఆడిన మ్యాచ్‌లో రింగ్ బయట ఇనుప స్తంభానికి అటువైపు నిలబడి, నైజెల్ రెండు చేతులూ పట్టుకుని లాగితే తల నేరుగా స్తంభానికి కొట్టుకుంటుంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఆ రక్తం నిజమైనది. దాన్ని నేను గొప్పగా చెప్పడం లేదు, దాని ఖరీదు గురించి తర్వాత రాస్తాను.

2010లో డబ్ల్యూడబ్ల్యూఈకి వచ్చి డేనియల్ బ్రయన్ అయ్యాడు. ఆ జూన్‌లో ఒక గొడవ సీన్‌లో రింగ్ అనౌన్సర్ మెడకి టై బిగించాడని తీసేశారు, ఆగస్టులో మళ్లీ పిలిచారు. 2012 ఏప్రిల్ 1న, ఏడాదిలోకెల్లా పెద్ద షో రెజిల్‌మేనియాలో షేమస్ అతన్ని 18 సెకన్లలో ఓడించాడు. ఆఫీసు దృష్టిలో అదొక చిన్న సరదా. మర్నాడు మయామీలో జరిగిన రా అనే వారపు టీవీ షోలో జనం మొదలుపెట్టిన "యెస్, యెస్" నినాదం ఇక ఆగలేదు. 2013 ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో సీనాని సూటిగా ఓడించాడు. కొన్ని నిమిషాల్లోనే కంపెనీ పెద్దల్లో ఒకడైన ట్రిపుల్ హెచ్ దెబ్బ కొట్టి, రాండీ ఆర్టన్‌కి బెల్టు అప్పగించే కథ నడిచింది. ఆ తర్వాత నెలల తరబడి కథలో అతన్ని రెండో తరగతి ఆటగాడన్నారు. జనానికి ఇందులో కథ ఎక్కడ ముగుస్తుందో, కంపెనీ అసలు అభిప్రాయం ఎక్కడ మొదలవుతుందో తెలిసిపోయింది.

2014 జనవరి 26న పిట్స్‌బర్గ్‌లో రాయల్ రంబుల్. ముప్ఫైమంది ఒకరి తర్వాత ఒకరు దిగే మ్యాచ్ అది, గెలిచినవాడికి రెజిల్‌మేనియాలో బెల్టు కోసం ఆడే అవకాశం. ముప్ఫయ్యో నంబర్‌కి బ్రయన్ వస్తాడని హాలంతా ఎదురుచూసింది. రే మిస్టీరియో వచ్చాడు. జీవితంలో ఎప్పుడూ ఎవరూ తిట్టని రేని ఆ రోజు హాలంతా అరిచి తిట్టింది. అతని తప్పేమీ లేదు, వచ్చింది బ్రయన్ కాదు, అంతే. గెలిచిన బటిస్టాకీ అదే మర్యాద. మర్నాడే పంక్ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. రెజిల్‌మేనియాకి ఆర్టన్, బటిస్టా ముఖాముఖి అనుకున్న ప్లాన్ అక్కడ కుప్పకూలింది. మార్చిలో మెంఫిస్‌లో రింగంతా అభిమానుల్ని నింపి బ్రయన్ ఉద్యమం చేసినట్టు కథ రాశారు. ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్‌లో ఒకే రాత్రి ట్రిపుల్ హెచ్‌ని ఓడించి, చివరి మ్యాచ్‌లో ఆర్టన్, బటిస్టా ఇద్దరినీ దాటి బెల్టు ఎత్తాడు.

ఇక్కడ జరిగింది ఏంటో ఒకసారి ఆలోచించండి. కంపెనీ సంవత్సరంలోకెల్లా పెద్ద షోకి రాసుకున్న ముగింపును టికెట్ కొనుక్కున్న జనం కొట్టేయించారు. ఇండీ హాళ్లలో జనానికి ఎప్పటినుంచో ఉన్న అలవాటు ఇది. నచ్చితే లేచి నిలబడతారు, నచ్చకపోతే మొహం మీదే చెప్పేస్తారు, ప్రమోటర్ వింటాడు, వినకపోతే వచ్చే నెల హాలు ఖాళీ. డేనియల్‌సన్ వెంట ఆ అలవాటు కూడా స్టేడియంలోకి వచ్చింది. పదేళ్ల తర్వాత 2024 ఫిబ్రవరిలో రెజిల్‌మేనియాలో బెల్టు కోసం ఆడాల్సిన కోడీ రోడ్స్ స్థానంలో ది రాక్‌ని దించబోతే జనం అదే పని చేశారు, కంపెనీ ఈసారి చాలా తొందరగా వెనక్కి తగ్గింది. ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో కోడీయే చాంపియన్ రోమన్ రెయిన్స్‌ని ఓడించాడు.

2013లో ఆర్లాండోలో డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద శిక్షణ కేంద్రం తెరిచింది. కొత్తవాళ్లను తయారుచేసే షో ఎన్‌ఎక్స్‌టీ పగ్గాలు ట్రిపుల్ హెచ్ చేతిలో ఉన్నాయి. అప్పటికే సెత్ రాలిన్స్, డీన్ ఆంబ్రోస్ షీల్డ్ అనే జట్టులో వచ్చేశారు. రాలిన్స్ ఒకప్పుడు టైలర్ బ్లాక్ పేరుతో రింగ్ ఆఫ్ ఆనర్ చాంపియన్. 2012లో ఎన్‌ఎక్స్‌టీ మొట్టమొదటి చాంపియన్ కూడా అతనే, ఫైనల్లో ఓడింది మన పంజాబీ మూలాలున్న జిందర్ మహల్. తర్వాత వరుస కట్టారు: సామీ జైన్, ఫిన్ బాలర్, కెవిన్ ఓవెన్స్, సమోవా జో. 2016 జనవరిలో ఏజే స్టైల్స్ నేరుగా రాయల్ రంబుల్‌లోకి నడిచొచ్చాడు, సెప్టెంబర్‌కల్లా డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్. ముందు టీఎన్‌ఏ అనే మరో అమెరికన్ కంపెనీలో, తర్వాత జపాన్‌లో పేరు తెచ్చుకున్న 38 ఏళ్లవాణ్ని సొంత పేరుతోనే తీసుకుని ఎనిమిది నెలల్లో బెల్టు ఇవ్వడం పాత రోజుల్లో ఊహకి కూడా అందేది కాదు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఈ మార్పు వాళ్ల దగ్గర ఇంకా లోతుగా జరిగింది. ఆడ రెజ్లర్లను డబ్ల్యూడబ్ల్యూఈ దివాస్ అని పిలిచిన, మన తరం చూసిన రోజుల్లో రెండు మూడు నిమిషాల మ్యాచ్ అంటే మంచినీళ్లు తాగొచ్చే టైమ్. 2015 ఫిబ్రవరిలో రాలో ఒక ట్యాగ్ మ్యాచ్ అర నిమిషంలో ముగిసేసరికి అభిమానులు ట్విట్టర్‌లో దివాస్‌కి ఒక అవకాశం ఇవ్వండంటూ దుమ్మెత్తిపోశారు. కానీ అవకాశం ఇస్తే ఆడగలిగేవాళ్లు అప్పటికే సిద్ధంగా ఎందుకున్నారు? 2005లో షికాగో దగ్గర మొదలైన షిమ్మర్ అనే ఆడవాళ్ల ఇండీ కంపెనీ ఉంది, అందుకు. దాని మొదటి చాంపియన్ సారా డెల్ రే. డబ్ల్యూడబ్ల్యూఈ ఆమెను 2012లో శిక్షకురాలిగా తీసుకుంది. రెజ్లర్‌గా టీవీలో ఒక్క పెద్ద మ్యాచ్ రాలేదు ఆమెకి. కానీ బేలీ, సాషా బ్యాంక్స్, బెకీ లించ్, షార్లెట్ చేతులు తిప్పింది, కాళ్లు సరిచేసింది ఆవిడే. షార్లెట్ మినహా మిగతా ముగ్గురూ ఇండీల నుంచే వచ్చారు. 2015 ఆగస్టులో బ్రూక్లిన్‌లో బేలీ, సాషా మ్యాచ్ చూడండి. చివర్లో సాషా, బేలీ చేతి కట్టును పీకి, గాయమున్న ఆ చేతినే బూటుతో తొక్కుతుంది. అక్కణ్నుంచి 2019లో రెజిల్‌మేనియా చివరి మ్యాచ్ ముగ్గురు ఆడవాళ్లది కావడం వరకు దారి ఒకటే. ఆ దారి వేసినవాళ్లలో సారా పేరు తక్కువ మంది చెబుతారు, అది నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు టీషర్టుల టేబుల్ సంగతికొద్దాం. కాలిఫోర్నియా అన్నదమ్ములు మ్యాట్, నిక్ జాక్సన్, అంటే యంగ్ బక్స్. వాళ్లు డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లకుండానే బతకగలమని నిరూపించారు. ఇండీల్లో, జపాన్‌లో ఆడుతూ, యూట్యూబ్‌లో సొంత షో నడుపుతూ, టీషర్టులు అమ్ముతూ. వాళ్ల జట్టు బుల్లెట్ క్లబ్ చొక్కాలు 2017లో అమెరికా మాల్స్‌లోని హాట్ టాపిక్ దుకాణాల్లోకి చేరాయి. ఆ సెప్టెంబర్‌లో రా జరుగుతున్న హాలు బయటికెళ్లి వీడియో తీసుకుంటే, వాళ్లు వాడే చేతి సైగ మాదంటూ డబ్ల్యూడబ్ల్యూఈ లీగల్ నోటీసు పంపింది. వాళ్లు ఆ నోటీసు మీదే కొత్త టీషర్టు వేసి అమ్మేశారు. ఆఫీసు దయ మీద ఆధారపడని రెజ్లర్ ఎలా ఉంటాడో అందరికీ కనిపించింది.

అదే ఏడాది ట్విట్టర్‌లో ఎవరో మెల్ట్‌జర్‌ని అడిగారు, రింగ్ ఆఫ్ ఆనర్ పది వేల సీట్ల హాలు నింపగలదా అని. ఇప్పట్లో కష్టమన్నాడు. 2016లో డబ్ల్యూడబ్ల్యూఈ నుంచి బయటికొచ్చి ఇండీల్లో తిరుగుతున్న కోడీ రోడ్స్ ఆ పందెం ఒప్పుకున్నాడు. కోడీ, యంగ్ బక్స్ సొంత డబ్బు పెట్టి ఆల్ ఇన్ అనే షో ప్రకటించారు. టికెట్లు అరగంటలోపే అయిపోయాయి. 2018 సెప్టెంబర్ 1న షికాగో శివార్లలో 11,263 మంది వచ్చారు. నాలుగు నెలలకు, 2019 జనవరి 1న, టోనీ ఖాన్ అనే సంపన్నుడి డబ్బుతో ఏఈడబ్ల్యూ అనే కొత్త రెజ్లింగ్ కంపెనీ ప్రకటన. అక్టోబర్‌లో వారం వారం టీవీ షో. 2001లో మూసుకుపోయిన రెండో తలుపు పద్దెనిమిదేళ్లకు మళ్లీ తెరుచుకుంది.

దాని ఫలితం మొదట కనిపించింది లాకర్ రూమ్‌లో. డీన్ ఆంబ్రోస్ 2019 ఏప్రిల్‌లో కాంట్రాక్టు ముగియగానే వెళ్లిపోయి, మే 25న ఏఈడబ్ల్యూ తొలి షోలో జాన్ మాక్స్‌లీ అనే తన పాత ఇండీ పేరుతో ప్రత్యక్షమయ్యాడు. మాటకి మాట రాసిచ్చి చదివించే పద్ధతితో ఎంత విసిగిపోయాడో బాహాటంగా చెప్పాడు. ఉన్నవాళ్లను పోనివ్వకుండా డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద మొత్తాలకు ఏళ్ల తరబడి కాంట్రాక్టులు రాసిచ్చింది. డబ్ల్యూడబ్ల్యూఈలో ఉండిపోయినవాడికి కూడా, బయట ఇంకో ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో జీతం పెరిగింది. నేను మొదట్లో బేరం అన్నది దీని గురించే.

నష్టాలు చెప్పకపోతే ఈ జవాబు అబద్ధమవుతుంది. మొదటిది ఒళ్లు. రెండు వందల మంది ముందు తల బద్దలు కొట్టుకున్న అలవాటు మనిషిని వదలదు. మెదడుకి తగిలిన దెబ్బల వల్ల డేనియల్‌సన్ 2016 ఫిబ్రవరిలో రిటైర్ కావాల్సి వచ్చింది, 2018 మార్చిలో గానీ డాక్టర్లు మళ్లీ ఒప్పుకోలేదు. రెండోది ఆట తీరు. ఆ తరం దగ్గర్నుంచి వేగం, దూకుళ్లు నేర్చుకున్న చాలామంది పంక్ పట్టిన హెడ్‌లాక్‌ని నేర్చుకోలేదు. ఒకే మ్యాచ్‌లో పది సూపర్‌కిక్‌లు, మూడు లెక్కపెడితే ఓటమి అనగా, ఎనిమిదిసార్లు రెఫరీ రెండు దాకా లెక్కపెట్టాక లేవడం. మిరపకాయలు గుప్పెడు వేస్తే కూరకి రుచి రాదు కదా.

మూడోది ఇండీలకే తగిలిన దెబ్బ. బ్రిటన్‌లో 2010ల మధ్యలో ప్రోగ్రెస్, ఐసీడబ్ల్యూ లాంటి కంపెనీలు జోరుమీదున్నాయి. 2017 జనవరిలో బ్లాక్‌పూల్‌లో టోర్నమెంట్ పెట్టి డబ్ల్యూడబ్ల్యూఈ అక్కడి మంచి ఆటగాళ్లలో చాలామందికి కాంట్రాక్టులిచ్చింది. వాళ్లతో ఎన్‌ఎక్స్‌టీ యూకే అనే షో నడిచి, 2022లో మూతపడింది. లాగేసుకున్న ప్రతిభని తిరిగి నాటడం ఎవరి బాధ్యతా కాలేదు. అమెరికాలోనూ 2020, 2021లలో డజన్ల కొద్దీ రెజ్లర్లను తీసేశారు. వాళ్లలో ఒకడైన స్వర్వ్ స్ట్రిక్‌ల్యాండ్ 2024 ఏప్రిల్‌లో ఏఈడబ్ల్యూ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

అయితే మొత్తం ఇండీల గొప్పే అనుకోవడమూ పొరపాటే. రోమన్ రెయిన్స్ ఫుట్‌బాల్ నుంచి, రెజ్లింగ్ కుటుంబం నుంచి వచ్చినవాడు, ఇండీ హాలు చూడనివాడు. 2015 రంబుల్ గెలిస్తే ఫిలడెల్ఫియా జనం తిట్టిపోశారు. కానీ 2020 తర్వాత విలన్‌గా అతను చేసిన పని గత పదేళ్లలో అందరికంటే గొప్పదంటాను. ఆ కథకి గుండెకాయ ఎవరు? సామీ జైన్. 2023 జనవరిలో శాన్ ఆంటోనియోలో కుర్చీ అందుకుని, తన పాత మిత్రుడు ఓవెన్స్‌ని కొట్టమని రెయిన్స్ చెబితే, సామీ ఆ కుర్చీని రెయిన్స్ వీపు మీద దించిన క్షణం గుర్తుందా? ఆఫీసు తయారుచేసిన స్టార్, ఇండీలు తయారుచేసిన నటుడు కలిస్తే ఎలా ఉంటుందో అక్కడ చూస్తాం.

మన హైదరాబాద్‌తో దీనికున్న సంబంధం కూడా చెబుతాను. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. పోస్టర్ మీద సీనా, టికెట్లు అమ్ముడైంది చాలావరకు ఆయన పేరు మీదే. కానీ ప్రధాన మ్యాచ్‌లో ఆయన పక్కన నిలబడింది సెత్ రాలిన్స్. అదే కార్డులో ఓవెన్స్, సామీ జైన్, ఇంకా జర్మనీ, బ్రిటన్ హాళ్లలో వాల్టర్‌గా పేరు తెచ్చుకున్న గుంటర్. ఇండీల గురించి ఎప్పుడూ వినని మనవాళ్లు కూడా ఆ రాత్రి చూసింది ఎక్కువగా వాళ్లనే.

ఇప్పుడేం జరుగుతోంది? 2021 చివర్లో డబ్ల్యూడబ్ల్యూఈ కాలేజీ క్రీడాకారులను నేరుగా తీసుకునే పథకం పెట్టింది. కాలేజీలో షాట్‌పుట్ విసిరిన ఓబా ఫెమీ అలా వచ్చినవాడే. మళ్లీ కొండలు వస్తున్నాయి, అయితే ఈసారి బాగా ఆడే కొండలు. మరోపక్క 2024లో ఎంపిక చేసిన ఇండీ రెజ్లర్లను అక్కడే ఉంచి సాయం చేసే ఐడీ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. అది ఇండీలను బతికిస్తుందా, ఆఫీసు గుప్పిట్లోకి తెస్తుందా అన్న దాంట్లో నాకు అనుమానాలున్నాయి. పేరు తామే తెచ్చుకున్నవాడికి ఉండే ధీమా, ఆఫీసు సర్టిఫికెట్‌తో పేరు తెచ్చుకున్నవాడికి రాదు.

ఇక మీరడిగిన మ్యాచ్‌లు. జో, పంక్ రెండో మ్యాచ్‌తో మొదలుపెట్టండి, గంట పడుతుంది, ఫోన్ పక్కన పెట్టి చూడండి. తర్వాత 2011లో పంక్, సీనా. 2014 రెజిల్‌మేనియాలో బ్రయన్, ట్రిపుల్ హెచ్. బ్రూక్లిన్‌లో బేలీ, సాషా. 2015 మే 31న ఓవెన్స్ తన మొదటి పెద్ద మ్యాచ్‌లోనే సీనాని ఓడించినది. చివరగా రెండు మ్యాచ్‌లు ఒకే సాయంత్రం వెనకా ముందూ పెట్టుకోండి. ఒకటి 2012 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో కెవిన్ స్టీన్, ముసుగు వేసుకున్న ఎల్ జెనెరికో ఆడిన నిచ్చెనల మ్యాచ్, రింగ్ ఆఫ్ ఆనర్‌ది. ఇంకొకటి 2023 ఏప్రిల్ 1న లాస్ ఏంజెలెస్ దగ్గర రెజిల్‌మేనియా మొదటి రాత్రి చివరి మ్యాచ్, ఊసో అన్నదమ్ములతో కెవిన్ ఓవెన్స్, సామీ జైన్ ఆడినది. స్టీనే ఓవెన్స్. జెనెరికో ముసుగు వెనక ఉన్నవాడి గురించి డబ్ల్యూడబ్ల్యూఈ చాలాకాలం నోరు విప్పలేదు గానీ, రెండూ చూశాక ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునే తీరులో మీకే తెలిసిపోతుంది.